మార్చి చెప్పిన మాట

చదువుకున్నవాళ్ల మీద నాకు కోపం. చదువుకోనివాళ్ల మీద అంతకంటే ఎక్కువ కోపం. ఈ ఇద్దరికీ నడుమ నిలబడి రెండు పక్కలా పెత్తనం చేసినవాణ్ణి కాబట్టి నా మీద నాకున్న కోపం వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో తరగతితో బడి మానేశాను. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో తూకం చీటీలు రాస్తూ బతుకంతా గడిపాను. చదవడం మాత్రం మానలేదు. పాత పేపర్ల అంగడిలో దొరికిన పత్రికలూ అట్టలూడిన పుస్తకాలూ మోసుకొచ్చి, అర్థమైనా కాకపోయినా చివరి పేజీ దాకా చదివేవాణ్ణి. వారపత్రికల్లో పాఠకుల జబ్బులకు డాక్టరు జవాబులిచ్చే పేజీ అంటే నాకు మహా ఇష్టం. తెల్లబట్ట అనే మాట నాకు బాగా పట్టుబడింది ఆ పేజీలోనే. మర్యాదగల మాట. ఆడవాళ్ల సంగతి మగవాడు నలుగురిలో మాట్లాడాల్సి వచ్చినా ఎవరూ తల దించుకోనక్కర్లేని మాట. ఆ మర్యాద పుణ్యమా అని నా చెల్లెలి కూతురు ఆరేళ్లు తడిగుడ్డ మీద బతికింది.

నా చెల్లెలిది పెనుకొండ. బావ చనిపోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు నేనేనని నలుగురూ అన్నారు, నేనూ నమ్మాను. కూతుర్ని ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికిచ్చారు. పిల్ల పొట్టిది, చిన్న ఒళ్లు. నేత మాత్రం అత్తగారింట్లో అందరికంటే బాగా నేర్చింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఏడో నెలలో పెనుకొండకు తీసుకొచ్చారు.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. పక్కింటి అవ్వ వచ్చి చూసి, ఇవి దొంగనొప్పులు, నిజమైనవైతే మనిషిని నిలబడనిస్తాయా, ఈ పిల్ల నడుస్తోంది కదా అని తేల్చేసింది. ఆ అవ్వకు పుట్టినవాళ్లు ఎనిమిది మంది, బతికినవాళ్లు ముగ్గురు. ఆ లెక్క ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు అమావాస్య. ధర్మవరం నుంచి అత్తగారు ఫోన్ చేసి, అమావాస్య పోయేదాకా గడప దాటించొద్దని, ఆ రోజు బయలుదేరితే బిడ్డ దక్కదని చెప్పింది. నేను హిందూపురం నుంచి బస్సెక్కి ఆ మధ్యాహ్నానికి చేరుకున్నాను. పిల్ల గోడ పట్టుకుని వంగి నిలబడి ఉంది. పెదవి కొరుక్కుని కొరుక్కుని రక్తం వస్తోంది. నన్ను చూసి, మామా, ఇంక నావల్ల కాదు అన్నట్టు తల ఊపింది.

అమావాస్య మాట శుద్ధ దండగని నాకు తెలుసు. మార్కెట్లో పదిమందికి ఆ సంగతి ఉపన్యాసంలా చెప్పినవాణ్ణి. కాని కాన్పు గదిలోకి మగవాడు మాట పంపకూడదన్న ఇంగితం ఒకటుంది చూడండి, ఆ దరిద్రం నన్నూ పట్టుకుంది. వరండాలో కూర్చుని పత్రిక చదువుకున్నాను. ఆంబులెన్సుకు ఫోన్ చేయడానికి నా జేబులో ఫోన్ ఉంది. జేబులోనే ఉంది.

మూడో రోజు పొద్దున్నే అమావాస్య వెళ్లిందని తేలాక బండి పిలిచారు. ఆసుపత్రిలో నర్సులు మమ్మల్ని నిలబెట్టి తిట్టారు. తిట్టవలసిందే. బిడ్డను లాగి తీశారు. మగబిడ్డ. ఏడవలేదు.

తర్వాత వారం తిరిగేసరికి పిల్లకు కింద తడి మొదలైంది. ఆగదు. లేచినా, పడుకున్నా, దగ్గినా, ఊరకే ఉన్నా కారుతూనే ఉంటుంది. బాలింత నీళ్లు, అవే ఆగిపోతాయిలే అంది నా చెల్లెలు. పదో రోజున నేనే గట్టిగా చెప్పి హిందూపురం తీసుకొచ్చి ఒక డాక్టరుకు చూపించాను. ఆయన పేరు రాయను. రాస్తే నాకు తృప్తిగా ఉంటుందే తప్ప ఎవరికీ లాభం లేదు.

ఆ గది ఎట్లుంటుందో హిందూపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. లోపల ఒక రోగి కుర్చీలో ఉంటే, తర్వాతి ముగ్గురూ అదే గదిలో గోడకానుకుని నిలబడి ఉంటారు. అందరి జబ్బులూ అందరూ వింటారు. ఆ ముగ్గురిలో ఒకడు మా మార్కెట్లో గూళ్లు కొనే మనిషి. నన్ను చూసి నవ్వాడు. నా చెల్లెలు సిగ్గుపడి తలుపు దగ్గరే ఆగిపోయింది. డాక్టరు తలెత్తకుండా ఏం సమస్య అన్నాడు. పిల్ల నా భుజం వెనక్కి వచ్చి చెవిలో చెప్పింది.

"మామా, ఒంటేలు ఆగల్లేదు. కారుతానే ఉండాది."

అంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు. పంతొమ్మిదేళ్ల పిల్ల, చచ్చిన బిడ్డను కని పది రోజులైన పిల్ల, తన జబ్బును నాలుగు మాటల్లో సరిగ్గా చెప్పింది. మూత్రాన్ని ఒంటేలు అనడం పశువుల దగ్గరా పసిపిల్లల దగ్గరా పలికే మాట కదా, గూళ్లు కొనే మనిషి వింటున్నాడు కదా, నేను చదువుకున్న మామను కదా. గొంతు సవరించుకుని, "కాన్పు అయినప్పటి నుంచి తెల్లబట్ట అవుతోందట డాక్టరుగారూ" అన్నాను.

ఆయన తలెత్తలేదు. మంచం ఎక్కమనలేదు. తెల్లబట్టకు రాయవలసిన మాత్రలు రాశాడు. తర్వాతి మనిషి అప్పటికే కుర్చీలో సగం కూర్చున్నాడు. బయటికొస్తూ నేను కాస్త గర్వపడ్డాను కూడా. ఆ సంగతి రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

తడి తడే కదా, పేరేదైతేనేం అనుకున్నాను. పేరు మారితే మందు మారుతుంది. మందు మారితే మనిషి బతుకు మారుతుంది. పట్టుగూళ్ల చీటీ మీద రకం తప్పు రాస్తే మార్కెట్లో నన్ను తన్నేవాళ్లు. ఇక్కడ ఎవరూ తన్నలేదు.

మాత్రలు అయిపోయాక పిల్ల ధర్మవరం వెళ్లింది. ఇక అక్కడి కథ. పట్టు మీద చుక్క పడితే మరక పోదు. తడిసిన బట్టతో, నేసేవాళ్లు కూర్చునే మగ్గం గుంటలో దిగడం కుదరదు. దాన్ని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. కాని వాళ్లు అక్కడ ఆగలేదు. వంటింట్లోకి రావద్దన్నారు. తర్వాత నడవలో పడుకోవద్దన్నారు. పెరట్లో కట్టెలు పెట్టుకునే రేకుల కొట్టం ఖాళీ చేసి, ఒక గోనెపట్టా, ఒక రాట్నం ఇచ్చి, కండెలు చుట్టమన్నారు. ఆ ఇంట్లో నేసిన చీరలన్నిటికీ దారం ఆ కొట్టంలోంచే వచ్చింది. చీరలు పెళ్లిళ్లకు పోయాయి. చుట్టిన మనిషిని ఏ పెళ్లికీ పిలవలేదు.

అత్తగారిని నేనొకసారి నిలదీశాను. ఆమె కోపంగా కూడా మాట్లాడలేదు, నాకేదో తెలియనిది నేర్పుతున్నట్టు చెప్పింది.

"మగ్గం దేవుడన్నా. బయట చేరిన ఆడది మూడు దినాలు దూరం ఉంటాది. ఈమెకు నెలంతా అదే కత అయితే మేమేం చేసేది?"

ఇది ముట్టు కాదమ్మా, జబ్బు అన్నాను. ఏం జబ్బో చెప్పప్పా అంది. తెల్లబట్ట అన్నాను. మళ్లీ అదే మాట. ఆ మాటతోనే ఆమె నోరు మూయించాననుకున్నాను.

పిల్ల మొగుడి గురించి ఊళ్లో అందరూ మంచివాడంటారు. తాగడు, కొట్టడు, రెండో పెళ్లి మాట ఎత్తలేదు. పొద్దున లేచి గుంటలో దిగితే సాయంత్రం పైకొస్తాడు. ఆరేళ్లలో ఆ కొట్టంలోకి ఒక్కసారైనా వెళ్లి కూర్చున్నాడా అంటే లేదు. వాకిట్లో నిలబడి ఏమన్నా కావాల్నా అని అడిగి వెళ్లిపోయేవాడు. ఇట్లాంటి మంచితనాన్ని ఏ గుళ్లో పెట్టి పూజించాలో నాకు తెలియదు.

మధ్యలో ధర్మవరంలో ముగ్గురు నలుగురు డాక్టర్లకు చూపించారు. ప్రతి ఒక్కరూ పాత చీటీలు చూసి అదే మందు కొంచెం ఖరీదైనది రాశారు. చివరికొక డాక్టరు, గర్భసంచి తీసేస్తే ఈ తెల్లబట్ట గొడవే ఉండదన్నాడు. మా జిల్లాలో ఆడదానికి ఏమొచ్చినా చివరి మందు అదే. నడుం నొప్పా, తీసెయ్. తల తిరుగుతోందా, తీసెయ్. పిల్లకప్పుడు ఇరవై అయిదేళ్లు. అత్తగారు సరేనంది. మొగుడు సరేనన్నాడు. గురువారం ఆపరేషన్ అని, నన్ను తోడు రమ్మని కబురు చేశారు.

ఆ వారంలోనే పాత పేపర్ల అంగడిలో ఒక కట్ట తిరగేస్తుంటే ఆదివారం అనుబంధం ఒకటి చేతికొచ్చింది. దాని నడిమి పేజీలో ఆఫ్రికాలో ఏదో ఆసుపత్రి వరండా బొమ్మ. బల్ల మీద వరసగా ఆడవాళ్లు. చాలామంది చిన్నపిల్లలే. అందరూ మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నారు. ఒక్కరూ కెమెరా వైపు చూడలేదు. ఆ కూర్చునే తీరు నేనెక్కడో చూశాను. కొట్టంలో రాట్నం ముందు చూశాను.

కింద రాసిందంతా చదివాను. రెండు మూడు రోజులు నొప్పులు పడ్డారని, బిడ్డ దక్కలేదని, వారం తర్వాత ఒంటేలు ఆగకుండా కారడం మొదలైందని, ఇంట్లోంచి వేరే గుడిసెలోకి పంపారని. ఎవరో పెనుకొండకూ ధర్మవరానికీ వచ్చి చూసి రాసినట్టుంది. మూత్రసంచికి పడిన రంధ్రం అని రాశారు, దాన్ని కుట్టి బాగు చేయవచ్చనీ రాశారు. పేపర్ల కట్ట మీదే కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివాను. అంగడివాడు నన్ను చూసి, "ఏమప్పా, ఎవరన్నా పోయినారా పేపర్లో?" అన్నాడు.  ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడే ధర్మవరం వెళ్లి, గర్భసంచి తీస్తానన్న డాక్టరు బల్ల మీద ఆ కాగితం పరిచాను. ఆయన చదవకుండా బొమ్మ మాత్రం చూసి నవ్వాడు.

"పెద్దాయనా, ఇది ఆఫ్రికా రోగం. ఆడ రోడ్లుండవు, డాక్టర్లుండరు. మన దగ్గర ఇది యాడుంది?"

"ఆడోళ్ల ఒళ్లు ఆడొకటి, ఈడొకటా సార్?" అన్నాను. "ఒక్కసారి మంచమెక్కించి చూడు. చూడకుండా కోస్తానంటావే."

టైం లేదన్నాడు. చూడటానికి టైం లేదట, కోయడానికి ఉందట. గురువారం ఎవరూ రారని చెప్పి కాగితం మడుచుకుని లేచాను.

అత్తగారింట్లో పెద్ద రాద్ధాంతమైంది. పేపర్లో పడినవన్నీ నిజమైతే మేమందరం కోటీశ్వరులమయ్యుంటాం కదన్నా అని ఆమె ఎత్తిపొడిచింది. మొగుడు గుంటలోంచి పైకి రాలేదు, మగ్గం తొక్కే పలక మీద కాలు మాత్రం ఆగింది. పిల్ల కొట్టం గుమ్మంలో నిలబడి అంతా వింది. ఏమంటావని అడిగితే, "గర్బసంచి తీపిచ్చుకునేకీ నిన్నే గదా తోడు పిలిచినారు. దీనికి నువ్వు తోడొస్తే దీనికే వస్తా" అంది.

పెనుకొండలో ఒక ఆశా కార్యకర్త ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కోపం లేని మనిషి ఆమె ఒక్కతే. కాగితం చూపించగానే చదివి, బెంగళూరులో పెద్ద ప్రభుత్వాసుపత్రిలో దీనికి వేరే విభాగం ఉందని, ఎవరినో ఫోన్లో అడిగి రోజు కూడా చెప్పింది. నాకెవరూ ఇంతవరకు చెప్పలేదన్నా ఈ పిల్ల సంగతి అని బాధపడింది. చెప్పవలసినవాణ్ణి నేనే.

పొద్దున రైలు. ధర్మవరంలో నేనూ పిల్లా ఎక్కాం. పెనుకొండలో నా చెల్లెలు సంచి నిండా పాత చీరల ముక్కలు పెట్టుకుని ఎక్కింది. సీట్లు ఖాళీగా ఉన్నాయి. పిల్ల కూర్చోలేదు. తలుపు పక్కన వీపు ఆనించి నిలబడింది. ఒకామె జరిగి చోటిచ్చి కూర్చోమంటే, దగ్గరే అక్కా, దిగిపోతాం అంది. బెంగళూరుకు ఇంకా మూడు గంటలుంది. హిందూపురం దాటింది. నేను లేచి ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాను.

ఆ రోజు డాక్టరు దగ్గర నువ్వు చెప్పిన మాట నేను చెప్పలేదమ్మా, వేరే మాట చెప్పాను అన్నాను. తెల్లబట్ట అంటే ఇది కాదని, అది వేరే జబ్బని, మందులన్నీ దానికే వాడారని చెప్పాను. రైలు చప్పుడులో ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం.

 ఆమె బయటికి చూస్తూ మెల్లగా అంది.

"డాక్టర్ల బాసలో ఒంటేలును తెల్లబట్ట అంటారేమో అనుకుంటి మామా. నువ్వు సదువుకున్నోడివి గదా. ఆ పొద్దు నుంచి ఏ డాక్టరు దగ్గరికి పోయినా నేనూ అదే మాట చెప్తా వస్తి."

 ఆమె నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"ఏం మామా, నువ్వు చదివిన అన్ని పుస్తకాల్లో ఒంటేలు అనే మాట యాడా రాయలేదా?"

బెంగళూరు ఆసుపత్రిలో చూసిన డాక్టరు నడివయసు దాటిన ఆడమనిషి. కన్నడంలోనే మాట్లాడింది. మా వైపు వాళ్లకు అది పరాయి భాష కాదు. నేను నోరు తెరవబోతే చేత్తో ఆపి, నిమ్మన్ను కేళలిల్ల, మిమ్మల్ని అడగలేదు అంది. నన్ను గది బయటికి పంపించింది. తలుపు మూసేలోపే ఆమె అడిగింది వినపడింది. ఉచ్చె అనే మాటే వాడింది. ఆగుతుందా, ఆగదా, ఎప్పటి నుంచి. పిల్ల గొంతు కూడా వినపడింది. అడిగినదానికి అడిగినట్టు చెబుతోంది. పక్కన మామ లేకపోతే ఆమెకు ఎంత మాట ఉందో అప్పుడు తెలిసింది నాకు.

లోపల చేసిన పరీక్ష సంగతి పిల్లే వచ్చి చెప్పింది. మూత్రసంచిలోకి గొట్టంతో నీలిరంగు నీళ్లు ఎక్కించారట. కింద దూది ఉండలు మూడు పెట్టి, లేచి కాసేపు తిరగమన్నారట. తీసి చూస్తే నడిమి ఉండ నీలంగా ఉంది, మూత్రసంచికి బెజ్జం ఉందని దాంతో తేలింది.

"నాకు అద్దకం చేసినారు మామా," అంది. "రంగు బాగా పట్టింది."

నా చెల్లెలు నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్లలో ఏ ఒక్కడూ ఎక్కించని మంచం మీద పావుగంట పని అది.

తర్వాత డాక్టరు నన్ను లోపలికి పిలిచి జరిగిందేమిటో చెప్పింది. బిడ్డ తల దిగలేక రెండు రోజులు ఎముకల మధ్య ఇరుక్కుపోయింది. తల్లి మూత్రసంచి ఆ తలకూ ఎముకకూ నడుమ నలిగి, రక్తం అందక, అక్కడి కండ చచ్చిపోయింది. చచ్చిన కండ వారానికి ఊడిపడి బెజ్జమైంది. శాపం కాదు, మైల కాదు, ఎవరి పాపమూ కాదు. ఆలస్యం, అంతే. గర్భసంచికి ఏ లోపమూ లేదు. అది తీసి ఉంటే ఒంటేలు అట్లాగే కారేది, ఆశ కూడా పోయేది.

ఆమె కొన్నేళ్లు ఆఫ్రికాలో ఒక దేశంలో ఇదే పని చేసి వచ్చిందట. నేను జేబులోంచి కాగితం తీస్తే చూసి, ఆ వరండా కాదు కానీ అట్లాంటిదే అంది. రోజుల తరబడి నడిచి వచ్చేవాళ్లట. దారిలో బస్సు ఎక్కనివ్వరు, వాసన వస్తుందని. కొందరు కుట్టు మానిన రోజున కొత్త గుడ్డలు కట్టుకుని పాటలు పాడుతూ వెళ్లేవాళ్లట. నొప్పులు పడే ఆడదాని మీద సూర్యుడు రెండుసార్లు ఉదయించకూడదని అక్కడి ముసలమ్మలు అంటారట. అని, నన్ను పైకీ కిందకీ చూసింది.

"వాళ్లకు దారి లేదు, బండి లేదు, డాక్టరు లేడు. పెనుకొండలో ఇవన్నీ ఉన్నాయి. మీకేం రోగం?"

 అమావాస్య అని చెప్పడానికి నాలుక రాలేదు.

అంతటితో వదిలిపెట్టి ఉంటే బాగుండేది. తడి మొదలైన కొత్తలోనే తీసుకొస్తే, రంధ్రం చిన్నదైతే, ఒక రబ్బరు గొట్టం వేసి మూత్రసంచిని కొన్ని వారాలు ఖాళీగా ఉంచితే కోత లేకుండానే పూడిపోయే అవకాశం ఉంటుందని కూడా చెప్పింది. అప్పుడెందుకు ఎవరికీ చూపించలేదు అని అడిగింది. చూపించాం అన్నాను. పదో రోజున చూపించాం. మరి వాళ్లకేం చెప్పారు అంది. పిల్ల నా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. నన్ను కాపాడుతోందని నాకు తెలుసు.

తడికి ఒంటి మీద పడిన పుండ్లు మానాలని, రక్తం పట్టాలని మూడు వారాల తర్వాతకు ఆపరేషన్ పెట్టారు. ఆ మధ్యలో ఒకరోజు నేను హిందూపురంలో మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఇప్పుడు పెద్ద మేడ కట్టాడు. గది మాత్రం అదే, గోడకానుకుని ముగ్గురు. వాళ్లందరూ వింటుండగా జరిగింది చెప్పాను. ఈసారి ఒంటేలు అనే మాట గట్టిగా, నాలుగుసార్లు వాడాను. చూడకుండా మందు రాశావు, ఆరేళ్లు ఒక ఆడపిల్లను కట్టెల కొట్టంలో పెట్టించావు అన్నాను. ఆయనకు గుర్తు లేదు. ఎట్లుంటుంది. నేను ఆ పాత చీటీ ముందు పెట్టాను. ఆయన చదివి తిరిగి ఇచ్చేశాడు.

"మీరు చెప్పిందే రాసినాను పెద్దాయనా. ఇందులో నాదేం తప్పు?"

అడగడం, చూడటం నీ పని కదా అన్నాను. ఆ మాట నిజమే. ఆయన మాట కూడా నిజమే. రెండు నిజాలు ఒకే చీటీలో ఉన్నప్పుడు కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక బయటికొచ్చి చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఎండలో సగం దూరం నడిచాను.

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. అయితే అసలు సంగతి మూత్రానికి వేసిన గొట్టం తీసేదాకా చెప్పలేమన్నారు. రెండు వారాల పైగా ఆ గొట్టం ఉంది. అది మడత పడకూడదు, మూసుకుపోకూడదు. మూసుకుపోతే కుట్టు తెగుతుంది. నా చెల్లెలు లోపల మంచం పక్కన, నేను బయట నడవలో. నాకు అప్పగించిన పని నీళ్లు తేవడం. ఆమె ఎంత తాగితే అంత మంచిదన్నారు. నేను సీసా వెంట సీసా తెచ్చాను. గొట్టం చివరి సంచిలోకి చుక్కలు పడుతున్నాయా లేదా అని నా చెల్లెలు గంటగంటకూ వచ్చి చెప్పేది. జీవితంలో ఎన్నో తూకాలు చూశాను, ఆ సంచి బరువు కోసం ఎదురుచూసినట్టు దేనికోసమూ చూడలేదు.

పక్క మంచాల్లో అదే జబ్బుతో ఇంకా నలుగురున్నారు. ఒకామెది రాయచూరు వైపు. ఇంకొకామెకు బిడ్డ కోసం పొట్ట కోసినప్పుడే మూత్రసంచి తెగిందట. ఇది మన దగ్గర యాడుంది అన్న ధర్మవరం డాక్టర్ని తీసుకొచ్చి ఆ గదిలో నిలబెట్టాలనిపించింది.

గొట్టం తీసిన పొద్దున నన్నెవరూ లోపలికి రానివ్వలేదు. నీళ్లు తాగించి, గంటకొకసారి లేపి, మధ్యాహ్నం దాకా చూస్తామన్నారు. నేను నడవలో గోడ మీద రాసిన సూచనలన్నీ చదివాను. మళ్లీ చదివాను. పదకొండు దాటాక నా చెల్లెలు వచ్చింది.  మడత పెట్టిన గుడ్డ ఒకటి నా చేతిలో పెట్టింది. పొడిగా ఉంది. నేను దాన్ని రెండు వైపులా తడిమి చూశాను, బుద్ధి తక్కువ మనిషిలాగా. సాయంత్రానికి డాక్టరు కూడా, కుట్టు నిలిచింది అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు చూడటానికి వచ్చేవాళ్ల వేళకు మొగుడొచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. ఆపరేషన్ రోజున రాలేదు, మగ్గం మీద పెళ్లి చీర ఉందట. మంచానికి రెండు బారల దూరంలో ఆగిపోయాడు. ఆమెను కాక నన్నడిగాడు.

"ఇంటికి ఎప్పుడు పంపిస్తారంట పెద్దనాయనా? అమ్మ కనుక్కోమనింది."

మంచం మీద మనిషి ఉంది, ఆమెను అడుగు అన్నాను. అడిగాడు. ఆమె పైకి జరిగి దిండుకానుకుని కూర్చుంది.

"మీ అమ్మకు చెప్పు. ఇంకొక బిడ్డంటూ అయితే కోసి తీయాల్సిందేనంట. నొప్పులు రాకముందే ఆస్పత్రిలో ఉండాల. అమావాస్యయినా సరే, గ్రాణమైనా సరే. దానికి ఒప్పుకుంటేనే ఆ గడప తొక్కేది."

సరే అన్నాడు.

"కొట్టంలో పండుకోను. ఇంట్లో పండుకుంటా. బలం వచ్చినాక గుంటలో నేనే కూర్చుంటా, కండెలు మీ అమ్మ చుట్టనీ."

దానికి కూడా సరే అన్నాడు, కాస్త ఆగి. సంచి ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆరేళ్లు వాకిట్లో నిలబడి మాట్లాడటానికి అలవాటు పడ్డ కాళ్లవి, ముందుకు రావడం లేదు. ఆమె అది చూసింది. దుప్పటి సర్ది, పక్కన చోటు చేసింది.

"కూర్చో," అంది. "తడవదు."

అతను నా వైపు చూశాడు. నేను సాయం చేయదలుచుకోలేదు. మంచం అంచు మీద, అది విరుగుతుందేమో అన్నట్టు కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టింది.

అతన్ని ఆమె క్షమించిందో లేదో నేను అడగలేదు. నేనైతే ఇప్పటికీ ఆ ఇంట్లో మంచినీళ్లు తాగను. ఆమె ఇప్పుడు నేస్తోంది. ఆర్నెల్లకొకసారి చూపించుకోవడానికి బెంగళూరు వెళ్లాలి, తోడు నేనే వెళ్తాను. డాక్టరు గది తలుపు దగ్గరికి రాగానే ఆమె వెనక్కి తిరిగి, నువ్వు ఈడే కూర్చో మామా అంటుంది. నేను కూర్చుంటాను.